లారీ తనదే... లోడు ఎవరిది?

సొంత లారీ వుంటే ఇక ఎవరి దగ్గరా చెయ్యి చాచనక్కరలేదన్న మాట మన పల్లెల్లో ఇప్పటికీ వినపడుతూనే వుంది. పదేళ్లు క్లీనరుగా, ఆపైన డ్రైవరుగా పరాయి బండి తోలినవాడు ఇల్లో పొలమో తాకట్టు పెట్టి ఒక పాత లారీ కొన్నాడంటే చాలు, రచ్చబండ దగ్గర అతని పిలుపే మారిపోతుంది. నిన్నటిదాకా 'ఒరే' అన్నవాళ్లు 'ఓనరుగారూ' అంటారు. ఆ ఓనరుగారికి మాత్రం నెల తిరక్కుండానే ఒక సంగతి తెలిసివస్తుంది. లారీ తనదే గాని అందులోకి ఎక్కే సరుకు తనది కాదు. సరుకు ఎవరి చేతిలో వుంటే కిరాయి కూడా వారి చేతిలోనే వుంటుంది.

ట్రాన్స్‌పోర్టు కంపెనీకి బండిని ఎటాచ్ పెట్టి వాళ్లిచ్చిన రేటుకు తోలుకోవాలా, కంపెనీని వదిలిపెట్టి బయట సొంతంగా లోడు వెతుక్కోవాలా అన్నది ఒక్క లారీ వున్న ప్రతి డ్రైవరునూ ఏదో ఒక రోజు పట్టుకునే ప్రశ్న. హైదరాబాదు రోడ్డు మీద జగ్గయ్యపేట మొదలు ఇబ్రహీంపట్నం దాకా వున్న పల్లెల్లో ఈ ప్రశ్న మరీ తరచుగా వినిపిస్తుంది. ఇటు సిమెంటు ఫ్యాక్టరీలు, అటు థర్మల్ స్టేషను బూడిద, చివరకు విజయవాడ ఆటోనగర్. బండి నడిచేందుకు కావలసినవన్నీ ఈ దారిలోనే వున్నాయి. బండిని ముంచేందుకు కావలసినవీ ఇక్కడే వున్నాయని అనుభవజ్ఞులు అంటుంటారు.

తిప్పుకునే దారులు

ఒక్క లారీ వున్నవాడు బండిని తిప్పుకునే పద్ధతులు స్థూలంగా మూడు. కంపెనీకి ఎటాచ్ పెట్టడం మొదటిది. ఇందులో టన్నుకు ఇంత అని రేటు కుదురుతుంది, డీజిలుకు కార్డో చీటీయో కంపెనీయే ఇచ్చి కిరాయిలో పట్టుకుంటుంది, మిగతా సొమ్ము నెల, నెలన్నర తరువాత బ్యాంకులో పడుతుంది. రెండవది లారీ ఓనర్ల సంఘాల సీరియల్. ఫ్యాక్టరీ గేటు దగ్గర పేరు రాయించుకుని తన వంతు వచ్చిందాకా కూర్చోవాలి. వంతు వస్తే పెద్దా చిన్నా లేదు, అందరికీ ఒకటే రేటు. మూడవది మార్కెట్ లోడు. బ్రోకరుకు ఫోను చేసి, రేటు మాట్లాడుకుని, అడ్వాన్సు తీసుకుని బండి పెట్టడం. ఏ రోజు బేరం ఆ రోజుదే.

ఈ మూడూ గాక నాలుగో మెట్టు ఒకటి వుంది. బ్రోకరు కూడా లేకుండా మిల్లరు దగ్గరనో వర్తకుడి దగ్గరనో నేరుగా సరుకు తీసుకుని, తన పేరు మీద తానే బిల్టీ రాసి ఇవ్వడం. 'సొంతంగా చేసుకుంటా' అని కంపెనీ వదిలే వాళ్లలో చాలామంది ఈ నాలుగో మెట్టునే కలగంటారు. తీరా దిగేది మూడో మెట్టు మీద.

అంతా బిల్టీ పుస్తకంలోనే

పూర్వం పర్మిటే పెద్ద ఆస్తి. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్లు లెక్కపెట్టి ఇచ్చేవారు. 1975లో నేషనల్ పర్మిట్లు వచ్చినా అవీ కోటా ప్రకారమే. బండి ఒకరిది, పర్మిటు ఇంకొకరిదిగా నడిచిన రోజులు పాతతరం డ్రైవర్లకు బాగా గుర్తు. 1988లో చేసిన కొత్త చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాక ఆ బిగింపు సడలింది. 2010లో నేషనల్ పర్మిటు పద్ధతిని మార్చి, ఏడాదికి ఒకే మొత్తం కడితే దేశమంతా తిరగవచ్చునన్నారు. అప్పట్లో అది 15,000 రూపాయలు. 2012లో 16,500 చేశారు. మొత్తానికి ఇప్పుడు పర్మిటు తెచ్చుకోవడం పెద్ద విషయం కాదు. అందరికీ దొరికేదానికి గిరాకీ ఏముంటుంది? ఆ విలువ కాస్తా పర్మిటును వదిలి బిల్టీకి చేరింది.

సరుకు ముట్టినట్లు రాసిచ్చే రసీదే బిల్టీ. చూడబోతే కార్బను పెట్టి రాసే చిన్న కాగితం. కాని రెండు చట్టాలు దాని చుట్టూనే తిరుగుతున్నాయి. బిల్టీ ఇచ్చి సరుకు రవాణా చేసే వ్యాపారం పెట్టేవాడు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద రిజిస్ట్రేషను చేయించుకోవాలి. 2011 మార్చి 1న అమలులోకి వచ్చిన ఈ చట్టం అంతకుముందు 1865 నుంచి వున్న పాత చట్టాన్ని తీసేసింది. సర్టిఫికెట్టు పదేళ్లు చెల్లుతుంది. సరుకు పోయినా, తడిసినా జవాబుదారీ బిల్టీ ఇచ్చినవాడిదే. సరుకు విలువ ముందే రాయించి ఎక్కువ రేటు కట్టి వుంటే తప్ప, ఆ బాధ్యతకు హద్దు కిరాయికి పదింతలు. ఇరవై వేల కిరాయి లోడు అంటే రెండు లక్షలు. ఒక్క లారీ మనిషికి అది చిన్న మొత్తం కాదు.

2017 జూలై 1న వచ్చిన జీఎస్టీలోనూ ఇదే సూత్రం. బిల్టీ ఇచ్చేవాడు ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీ అవుతాడు. అతను వేరే దారి ఎంచుకోకపోతే 5 శాతం పన్నును సాధారణంగా సరుకు పంపే రిజిస్టరు వర్తకుడే కడతాడు. బిల్టీ ఇవ్వకుండా తన బండిని ఏజెన్సీకి కిరాయికి ఇచ్చే యజమానికి ఆ కిరాయి మీద జీఎస్టీ లేదు. అంటే చట్టం దృష్టిలో ఎటాచ్ బండి యజమాని తన బండిని అద్దెకిచ్చినవాడు మాత్రమే, వ్యాపారం బిల్టీ రాసినవాడిది. కంపెనీ వదలడం అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

వాయిదాల నడుమ ఒక నిర్ణయం

నందిగామ దగ్గర ఒక పల్లెలో వుండే సొంత లారీ డ్రైవరు సంగతి చూద్దాం. వయసు నలభై దాటింది. పది టైర్ల బండి, పాతదే. ఇల్లు తాకట్టు పెట్టి కొంత తెచ్చి, మిగతా పది లక్షలు ఫైనాన్సులో తీసుకున్నాడు. నూటికి ఏడాదికి 14 చొప్పున, నాలుగేళ్లకు 48 వాయిదాలు. నెలకు 27,300 రూపాయలు కట్టాలి. ఇంకా 22 వాయిదాలు మిగిలి వున్నాయి. కొన్నప్పటి నుంచీ బండి ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలోనే నడుస్తున్నది. జగ్గయ్యపేటలో సిమెంటు ఎత్తి విశాఖపట్నంలో దించడం, అక్కడ కంపెనీ చూపించిన సరుకు ఎత్తుకుని తిరిగి రావడం. అగ్రిమెంటు గడువు ముగిసింది. రెండేళ్లకు మళ్లీ సంతకం పెట్టమని కంపెనీ అడిగింది.

అతని బావమరిదికీ ఒక లారీ వుంది. రెండేళ్ల క్రితం కంపెనీ వదిలి బయట పడ్డాడు. సంతకం పెట్టవద్దని పోరు పెట్టింది అతనే.

"బయట టన్నుకు నూట యాభై ఎక్కువొస్తుంటే ఇంకా వాళ్ల గుమాస్తా చుట్టూ తిరుగుతావేంది బావా? బండి నీది, స్టీరింగు నీది, పెత్తనం వాళ్లదా?"

"నీకేంరా, నీ బండికి వాయిదా లేదు. పది రోజులు నిలబడినా నీకు టిఫిను ఖర్చే. నాకు ఐదో తారీకు వచ్చేస్తది."

మాటలు అక్కడితో ఆగలేదు. ఆ ఇంట్లో లెక్క రాసేది ఇల్లాలు. ట్రిప్పు దిగగానే చీటీలన్నీ ఆమె ముందు పోయడం అలవాటు. ఆ పుస్తకం తెరిచి రెండు పద్ధతులూ పక్కపక్కన వేసి చూశారు. ఆ లెక్క ఇక్కడ ఇవ్వడం అవసరం. బండి బండికీ, రోడ్డు రోడ్డుకీ అంకెలు మారతాయి గాని లెక్క వేసే తీరు మారదు.

వెనక్కి ఖాళీగా వస్తే...

జగ్గయ్యపేట నుంచి విశాఖకు సుమారు 430 కిలోమీటర్లు. లోడు మీద లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే నూట ఏడున్నర లీటర్లు కావాలి. లీటరు 97 రూపాయల లెక్కన 10,400 పైచిలుకు. రానూ పోనూ లోడుతో అయితే డీజిలు 20,900. టోల్ గేట్లకు రెండు వైపులా 5,600 పోతుంది. తిండి, క్లీనరు బత్తా, గేటు ఖర్చులు 2,500. మొత్తం ఖర్చు 29,000 రూపాయలు.

పది టైర్ల బండికి మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులు. 2018 జూలైలో పెంచకముందు 25 ఉండేది. బండి బరువు పది టన్నులు తీసేస్తే పద్దెనిమిదిన్నర టన్నుల సరుకు ఎత్తవచ్చు. కంపెనీ పోయేటప్పుడు టన్నుకు 1,200, వచ్చేటప్పుడు 800 ఇస్తున్నది. రెండూ కలిపి 37,000. ఖర్చు పోగా ట్రిప్పుకు మిగిలేది 8,000. కంపెనీ లోడులో ఎదురుచూపు తక్కువ కాబట్టి నెలకు ఏడు ట్రిప్పులు పడతాయి. వెరసి 56,000.

బయట మార్కెట్లో బ్రోకరు కమీషను పోగా పోయేటప్పుడు 1,350, వచ్చేటప్పుడు 850 పలుకుతున్నది. మొత్తం 40,700. ట్రిప్పుకు మిగిలేది 11,700. చూడగానే ఎవరికైనా నోరూరుతుంది. బావమరిది వాదన అంతా ఈ ఒక్క అంకె మీద నిలబడినదే.

అయితే బయట ఏడు ట్రిప్పులు పడవు. విశాఖలో సిమెంటు దించాక వెనక్కి లోడు దొరికేందుకు ఒక్కోసారి ఒక పూట, ఒక్కోసారి మూడు రోజులు. ఆ మూడు రోజులూ కూర్చోలేక ఖాళీగా బయలుదేరితే కిరాయి 15,700 పోయినట్లే. ఖాళీ బండి కాస్త డీజిలు తక్కువ తాగుతుంది గనుక 2,800 కలిసివస్తుంది. నికరంగా 12,900 దెబ్బ. అంటే ఒక నిండు ట్రిప్పు లాభం పోయి, పైన ఇంకో పన్నెండు వందలు చేతి నుంచి పడతాయి.

ఇల్లాలు వేసిన లెక్కలో నెలకు ఆరు ట్రిప్పులు, అన్నీ నిండుగా తిరిగితే 70,200. కంపెనీ కంటే 14,000 ఎక్కువ. అవే ఆరు ట్రిప్పుల్లో ఒక్కసారి ఖాళీగా వస్తే 57,300. కంపెనీకీ దీనికీ తేడా ఒక పంచరు ఖర్చంత. ఐదు ట్రిప్పులే పడి అందులో ఒకసారి ఖాళీగా వస్తే 45,600. అప్పుడు కంపెనీ కంటే పది వేలు తక్కువ. కనుక టన్ను రేటు ఎంత అన్నది రెండో ప్రశ్న. నెలలో ఎన్ని రోజులు చక్రం తిరగకుండా నిలబడిందన్నది మొదటి ప్రశ్న. సొంతంగా వెళ్లే ముందు ఈ రోజుల లెక్క వేసుకునేవాళ్లు నూటికి పదిమంది కూడా వుండరేమో.

పుస్తకంలో లేని జీతం

కంపెనీ ఇచ్చే ఆ 56,000 లోంచి వాయిదా 27,300 పోవాలి. టైర్లు, ఇన్సూరెన్సు, పర్మిటు, పన్ను, ఇంజను పని, బ్రేకు ఇనస్పెక్టరు దగ్గర ఫిట్‌నెస్సు వీటన్నిటికీ కలిపి ఆమె నెలకు 20,000 పక్కన పెడుతున్నది. మిగిలేది 8,700. నెలలో ఇరవై ఎనిమిది రోజులు రోడ్డు మీద వున్న మనిషికి ఇంటికి తెచ్చేది అంత. ఇదే బండికి జీతానికి డ్రైవరును పెడితే అంతకు రెండింతలు ఇచ్చినా వస్తాడన్న నమ్మకం లేదు.

సొంత డ్రైవర్ల లెక్కల్లో కనపడని అంకె ఇదే. తన జీతం తాను వేసుకోడు. రాత్రి తనే తోలితే డ్రైవరు కూలి మిగిలిందనుకుంటాడు. నిజానికి ఆ కూలితోనే కంపెనీ తక్కువ రేటునూ, బ్రోకరు బేరాన్నీ తానే మోస్తున్నాడు. బయట రేట్లు ఇంత తక్కువకు పడిపోవడానికి కూడా ఇది ఒక కారణం. తన కష్టానికి ధర కట్టుకోనివాడు పక్కన నిలబడి వుండగా పది లారీలు వున్న ఆసామీ ఎక్కువ రేటు అడిగితే ఎవరిస్తారు?

అయితే వాయిదా సొమ్మంతా ఖర్చు కింద పోయినట్లు కాదు. అందులో ఎక్కువ భాగం అసలుకు జమ పడుతున్నది. 22 నెలలు గట్టెక్కితే ఆ 27,300 ఇంట్లోనే వుంటుంది. ఈలోగా మూడు వాయిదాలు తప్పితే బండిని ఫైనాన్సు వాళ్లు తోలుకుపోతారు, తాకట్టులో వున్న ఇంటి సంగతీ తరువాత తేలుతుంది. ఆ డ్రైవరు భయం ఇదే. దాన్ని పిరికితనం అనడానికి లేదు.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?

ఈ విషయంలో రెండు దారులకూ రెండు రకాల తిప్పలు వున్నాయి. కంపెనీ డబ్బు ఆలస్యంగా వస్తుంది గాని సాధారణంగా వస్తుంది. మార్కెట్ లోడులో అడ్వాన్సుగా ఎక్కువ భాగం బండి కదలక ముందే చేతిలో పడుతుంది. మిగతా బాకీ సరుకు ముట్టినట్లు సంతకం, స్టాంపు వేయించుకున్న కాగితం బ్రోకరుకు చేరాకనే. ఒక బస్తా చిరిగినా, రెండు కిలోలు తరుగు వచ్చినా ఆ బాకీలోనే కోత. బావమరిది ధైర్యవంతుడే గాని, ఒక బ్రోకరు దగ్గర ఆరు ట్రిప్పుల బాకీ అలాగే వుండిపోయింది. ఆ బ్రోకరు ఫోను ఇప్పుడు మోగదు. ఆ సంగతి బావగారి దగ్గర అతనంతట అతను ఎత్తలేదు, పుస్తకం తెరిచాకే బయటపడింది.

కంపెనీలు నెలల తరబడి సొమ్ము ఆపితే అడిగే దారి ఒకటి వున్నదని చాలామందికి తెలియదు. ఒక్క లారీ వున్న యజమాని కూడా ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైనవారికి 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే వడ్డీ. అలాగే పది లారీలకు మించని యజమాని పాన్ నంబరుతో డిక్లరేషను రాసి ఇస్తే కిరాయిలో ఆదాయపు పన్ను పట్టుకోనక్కరలేదు. 'టీడీఎస్' అని వందలు కోసుకునే గుమాస్తాను ఈ ఒక్క మాట అడిగి చూడవచ్చు.

'ఇంకో నాలుగు టన్నులు వేసుకో'

బయటి లోడులో ఇంకో ప్రలోభం వుంది. ఫ్యాక్టరీ కాటా దగ్గర పద్దెనిమిదిన్నర టన్నులకు చీటీ ఆగుతుంది. మార్కెట్లో ఎత్తే సరుకుకు అలాంటి అడ్డు ఎప్పుడూ వుండదు. ఇంకో నాలుగు టన్నులు వేసుకుంటే 5,400 మిగులుతుంది కదా అని బ్రోకరు అంటాడు. కాని 2019 సెప్టెంబరు 1 నుంచి ఎక్కువ బరువుకు జుల్మానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. నాలుగు టన్నులకు 28,000. అదనపు సరుకు అక్కడే దించితే గాని బండి కదలదు. కాటాకు బండి పెట్టనని మొండికేస్తే 40,000. ఐదుసార్లు తప్పించుకుని ఆరోసారి దొరికినా నష్టమే. స్ప్రింగు కట్టలు, టైర్లు తిన్న దెబ్బ వేరే లెక్క. బ్రేకు పడని బండి కింద పడ్డవాళ్ల సంగతి లెక్కకు అందేది కాదు.

కంపెనీలో వున్నంతకాలం పట్టించుకోనక్కరలేని కాగితాలు కూడా బయటికి వస్తే తన మెడకే చుట్టుకుంటాయి. యాభై వేలు దాటిన సరుకుకు ఇ-వే బిల్లు వుండాలి. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున. విశాఖ ట్రిప్పుకు మూడు రోజులు. దారిలో ఇంజను పనికి బండి ఆగిపోయి గడువు మీరితే సరుకుతో పాటు లారీనీ ఆపుతారు. గడువుకు ఎనిమిది గంటలు ముందూ, ఎనిమిది గంటలు తరువాతా పొడిగించుకునే వీలు వున్నది. ఆ అర్ధరాత్రి ఫోను ఎత్తి పొడిగించి ఇచ్చే గుమాస్తా కంపెనీకి వుంటాడు. సొంత మనిషికి వుండడు.

ఆర్.సి. పాత పేరు మీదనే వుంటే...

పాత లారీ కొని ఆర్.సి. మార్పించుకోకుండా ఏళ్ల తరబడి తోలేవాళ్లు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. ఫైనాన్సు తీరాక చూద్దాంలే అంటారు. కంపెనీలో అయితే ఎవరో ఒకరు కాగితాలు అడుగుతారు, బయట బ్రోకరు బండి నంబరు తప్ప ఏమీ అడగడు. ఇది ఎంత ప్రమాదమో చెప్పుకోవాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివారి కోసం. ఇరవై నుంచి నలభై టన్నుల బండికి 2022లో నిర్ణయించిన ప్రీమియం 43,950 రూపాయలు. అంత కట్టినా అది తోలే యజమాని ప్రాణానికి వర్తించదు. అతని కోసం వేరుగా యజమాని-డ్రైవరు ప్రమాద బీమా వున్నది. 2018లో దాన్ని 15 లక్షలకు పెంచారు. అది చెల్లాలంటే ఆర్.సి., పాలసీ రెండూ అతని పేరునే వుండాలి, లైసెన్సు గడువులో వుండాలి. ఆర్.సి. పాత యజమాని పేరున వుండిపోతే, రోడ్డు మీద జరగరానిది జరిగినప్పుడు ఇంటివాళ్లు ఏ ఆఫీసు మెట్లెక్కినా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

పాత బండి కొని సొంతంగా దూరప్రాంతాలకు తిప్పుదామనుకునేవాళ్లు వయసు కూడా చూసుకోవాలి. రెండు ఇరుసుల బండికి పన్నెండేళ్లు దాటితే, అంతకంటే ఎక్కువ ఇరుసులున్న బండికి పదిహేనేళ్లు దాటితే నేషనల్ పర్మిటు ఇవ్వరు. పదకొండేళ్ల పది టైర్ల బండిని కొని నాలుగేళ్ల ఫైనాన్సు పెట్టుకుంటే, అప్పు తీరేనాటికి పక్క రాష్ట్రాల లోడు కూడా తీరిపోతుంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్సు కూడా ఏటేటా చేయించాలి.

సంతకం ఆరు నెలలకే

ఇంతకూ ఆ నందిగామ డ్రైవరు కంపెనీని వదల్లేదు. అలాగని కంపెనీ అడిగినట్లు రెండేళ్లకు రాసి ఇవ్వనూ లేదు. ఆరు నెలలకే సంతకం పెట్టాడు. దానికి ముందు రెండు సంగతులు కాగితం మీద రాయించుకున్నాడు. డీజిలు రేటు మారితే కిరాయి కూడా ఆ మేరకు మారాలన్నది ఒకటి. అన్‌లోడింగు దగ్గర ఒక రోజు దాటి బండిని నిలబెడితే రోజుకు ఇంత హాల్టింగు ఇవ్వాలన్నది రెండోది. ఇదివరకు ఈ రెండూ నోటి మాటగానే వుండేవి. ఎప్పుడు అడిగినా 'పై ఆఫీసుకు రాశాం' అనేవారు. వదిలి వెళ్లగలడన్న అనుమానం కలిగాక గాని కంపెనీ కలం కదపలేదని బావమరిది ఎగతాళి చేస్తున్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

బావమరిది సంగతీ చెప్పుకోవాలి. అతను చెడిపోలేదు. బాకీ పోయిన దెబ్బతో బ్రోకర్లను తగ్గించి, రెండు బియ్యం మిల్లుల గుమాస్తాలతో నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. మిల్లు వాళ్లకు కావలసింది చవక రేటు కాదు, చెప్పిన రోజున బండి రావడం. ఏడాదిగా మాట తప్పలేదు కాబట్టి అడగకుండానే ఫోను చేస్తున్నారు. తనది వర్క్‌షాపులో వుంటే తెలిసినవాళ్ల బండి పంపి పని గడుపుతున్నాడు. ఈ ధోరణి సాగితే బిల్టీ పుస్తకం అచ్చు వేయించుకోవలసి వస్తుంది, ఆనాడు రిజిస్ట్రేషనూ తప్పదు. అతనికి వాయిదా లేకపోవడం, మూడు నెలలు పంటి బిగువున నిలబడగలగడం ఇందుకు వీలు కల్పించాయి.

వదలాలనుకునేవాళ్లకు కాలం కూడా చూసుకోవలసిందే. వానాకాలంలో ఇళ్ల పనులు మందగిస్తాయి, సిమెంటు కదలిక తగ్గుతుంది, బళ్లన్నీ ఒకేసారి మార్కెట్లో పడి రేట్లు పడిపోతాయి. ఆషాఢ, శ్రావణాల్లో కంపెనీ వదిలినవాడు దసరాకు మళ్లీ అదే గేటు దగ్గర నిలబడిన సందర్భాలు వున్నాయి. సంక్రాంతి వెళ్లాక గుంటూరు యార్డుకు మిర్చి రావడం మొదలవుతుంది. వేసవిలో నూజివీడు మామిడి. ఆ నెలల్లో బండి కోసం సరుకు ఎదురు చూస్తుంది. నందిగామ డ్రైవరు అగ్రిమెంటు కాగితం మీద గడువు తేదీ వేయించుకున్నది కూడా జనవరి నెలాఖరుకే. అప్పటికి అతనికి మిగిలే వాయిదాలు పదహారు.